గన్నవరం వెళ్లొచ్చిన పెరుగు

పాలు పెరుగు కావాలంటే ఏం కావాలి? చెప్పండి చూద్దాం. వంశీ, ముందు నువ్వు. 'తోడు' అంటావా? సరే, సగం మార్కులు. నిత్యా, నువ్వు? 'గిన్నె'నా? ఓసి పిచ్చి తల్లీ, గిన్నె లేకుండా ఎలాగూ పెట్టలేం. కానీ నేనడిగింది అది కాదు. మిగతా సగం జవాబు వెచ్చదనం. తోడులో ఉండే సూక్ష్మజీవులకి గోరువెచ్చగా ఉంటేనే ఒంట్లో ఓపిక వస్తుంది. చలేస్తే అవి కూడా మీలాగే ముసుగు తన్ని పడుకుంటాయి.

ఈ పాఠం ఏళ్ల తరబడి బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పాను నేను. సర్వీసంతా సైన్సు టీచరుగా చేసిన మనిషిని. అలాంటి మీ నానమ్మ నిన్న ఆ వెచ్చదనం కోసం ఏం చేసిందో తెలుసా? మీరంతా గుడివాడ పెళ్లిలో బూందీ లడ్డూలు తింటుంటే, ఇక్కడ నా శాలువా, నా మంకీ క్యాపు నన్ను ఇంట్లోనే వదిలేసి గన్నవరం ఎయిర్‌పోర్టుకి వెళ్లాయి. వెళ్లి, కొత్త అల్లుడిచేత సలాం కూడా పెట్టించుకుని వచ్చాయి!

నవ్వకండి. మొదట్నుంచీ చెప్తాను. ఆ దుప్పటి కొంచెం ఇటు లాగు నిత్యా, కాళ్లు చల్లగా ఉన్నాయి.

మన విజయవాడ చలి సంగతి మీకు తెలిసిందే. అసలిది చలేనా అని వేరే ఊళ్లవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఏడాదిలో ఎక్కువ రోజులు పెనం మీద అట్టులా కాలేవాళ్లం, కాస్త చల్లగాలి తగిలేసరికి మనకి పండగా, భయం రెండూ కలిసొస్తాయి. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టిందంటే చాలు, వీధంతా స్వెట్టర్లు బయటికి తీస్తుంది. పొద్దున్నే వాకింగుకి వెళ్తే కృష్ణ మీద మంచు, బ్యారేజీ సగమే కనిపిస్తుంది. నాకు మాత్రం అప్పుడే ప్రాణం లేచొస్తుంది. ఎండాకాలంలో ఎవరు పలకరించినా విసుక్కునే దాన్ని, చలి మొదలవగానే చిక్కుడుకాయలు అమ్మేవాడితో కూడా గంటలు గంటలు కబుర్లు.

మీ తాతయ్య దీనికి పూర్తిగా రివర్సు. పాపం, ఉద్యోగమంతా ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో బాయిలర్ పక్కన చేశారు. ఆ వేడి ఒంటికి పట్టేసింది. చలి రాగానే మొహం ముడుచుకుపోతుంది. బాల్కనీలో ఎండ ఎటు జరిగితే కుర్చీ అటు జరుపుకుంటూ, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంటారు. మధ్యాహ్నం అయితే గానీ మాట్లాడరు. ఇది గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఆ మౌనమే.

ఇప్పుడు అసలు కథ. నిన్న మన అపార్ట్‌మెంటువాళ్ల కార్తీక వనభోజనాలు. కొండపల్లి దగ్గర ఒక మామిడితోట, అందులో పెద్ద ఉసిరిచెట్టు. ఎవరింట్లో ఏం వండాలో పోయిన వారం కింద పార్కింగులో కూర్చుని పంచుకున్నాం. రాజ్యలక్ష్మి తెలుసుగా, మూడో అంతస్తు, అసోసియేషన్ సెక్రటరీ, ఆవిడ పులిహోర తీసుకుంది. ఆవడలు ఎవరు చేస్తారన్నారు. నేను చెయ్యెత్తాను.

"టీచర్ గారూ, ఈ చలికి అంత పెరుగు తోడుకుంటుందంటారా? ప్యాకెట్లు తెప్పించేద్దామండీ, గొడవుండదు" అంది రాజ్యలక్ష్మి.

నాకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. "ప్యాకెట్ పెరుగుతో ఆవడలా? అంతకంటే మానేద్దాం. పెరుగు తోడుకోవడం సైన్సమ్మా, అదృష్టం కాదు. గడ్డపెరుగు తెస్తాను, కత్తితో కోసి వేసుకుందురు గానీ" అన్నాను.

అందరి ముందూ అన్నాను. కత్తి అన్నమాట కూడా వాడాను. ఇక చూస్కోండి.

శనివారం సాయంత్రం పాలు కాచి, చల్లార్చి, వేలు ముంచి చూసి, తోడు వేశాను. మూతకి క్లిప్పులుండే పెద్ద స్టీలు డబ్బా ఉంది కదా, పెళ్లిళ్లకి సున్నుండలు పంపుతామే, అందులో. మామూలుగా వంటింటి గట్టు మీద కిటికీ పక్కన పెట్టేస్తాను. అలవాటు. ఎండాకాలంలో అక్కడ పెడితే అలా తిరిగొచ్చేలోపే గడ్డకడుతుంది. అక్కడే పెట్టాను. నెల మారింది, కిటికీలోంచి వచ్చే గాలి మారింది. నేను మాత్రం మారలేదు. సైన్సు టీచర్ని!

ఆదివారం పొద్దున్న లేచి, క్లిప్పులు తీసి, మూతెత్తి, డబ్బా కొంచెం వంచాను.

గలగలమంది.

పాలు! పాలకి పాలు! పక్కనే గట్టు మీద గారెల పిండి రుబ్బి సిద్ధంగా ఉంది. అపార్ట్‌మెంటు మొత్తానికి సరిపోయే పిండి. పెరుగు లేకపోతే అవి ఉత్త గారెలు. రాజ్యలక్ష్మి మొహం కళ్లముందు కదిలింది. 'పోనీలెండి టీచర్ గారూ, వయసు కదా' అంటుంది చూడు, ఆ మాట కంటే తిట్టినా బాగుండు.

"ఏమండీ, పెరుగు తోడుకోలేదు" అన్నాను మీ తాతయ్యతో, చిన్న గొంతుతో.

పేపరు వెనకనుంచి "వేడి చాల్లేదు" అని వినపడింది. అంతే. బాయిలర్ ఇంజనీరు గారి నిర్ణయం.

"అది నాకూ తెలుసు. ఇప్పుడేం చెయ్యను?"

"వేడి నీళ్లలో పెట్టు."

"అంత డబ్బా పట్టే గిన్నె మనింట్లో ఎక్కడుంది? మీ బాయిలరు తెప్పించండి."

పేపరు మళ్లీ నిటారుగా లేచింది. సంభాషణ ముగిసింది.

అప్పుడే నాకు కిటికీలోంచి కింద మన కారు కనిపించింది. మన పార్కింగుకి పైకప్పు లేదని నేను ప్రతి ఎండాకాలం గొడవ చేస్తాను కదా, స్టీరింగు పట్టుకుంటే చెయ్యి కాలుతుందని! ఆ పైకప్పు లేకపోవడమే నిన్న దేవుడిచ్చిన వరంలా కనిపించింది. వంశీ, గాజులోంచి ఎండ లోపలికి వెళ్తుంది, లోపల పుట్టిన వేడి మాత్రం అంత సులువుగా బయటికి రాదు. దాన్నేమంటారు? గ్రీన్‌హౌస్... ఆ, శభాష్. అద్దాలన్నీ ఎత్తేసిన కారు అంటే చక్రాలున్న గ్రీన్‌హౌస్. ఆకాశం చూశాను. మంచు విడిపోతోంది. ఎండ మన కారు మీద పడటం మొదలైంది. భోజనాల వేళకి ఇంకా బోలెడు టైముంది.

డబ్బా గుండెలకి హత్తుకుని, లిఫ్టులో దిగి, వాచ్‌మన్ అటు తిరిగినప్పుడు చూసి కారు దగ్గరికి వెళ్లాను. దొంగలా! ఎందుకంటే మెట్ల మీద రాజ్యలక్ష్మి ఎదురైతే 'ఏంటండీ ఎత్తుకెళ్తున్నారు' అంటుంది. తోడుకోలేదని తెలిస్తే ఇంకేముంది!

వెనక సీటు మీద దిండు వేశాను. కింది చల్లదనం తగలకుండా. దాని మీద డబ్బా. ఎవరైనా పక్కన బైకు తగిలిస్తే ఒరిగిపోకుండా సీటు బెల్టు పెట్టాను. వేడి నిలవడానికి నా ఆకుపచ్చ శాలువా చుట్టూ కప్పి, ముందు పిన్ను పెట్టాను. ఇక మూత. నలుపు రంగు వేడిని బాగా పీల్చుకుంటుంది కదా! నా నల్ల మంకీ క్యాపు తీసి మూత మీద తొడిగాను. ఆ టిబెటన్ల స్వెట్టర్ల కొట్లో కొన్నదే, మీరంతా 'నానమ్మా, అంటార్కిటికా వెళ్తున్నావా' అని ఏడిపిస్తారే, అది. ఎండ ముందద్దంలోంచి వస్తోంది కాబట్టి, క్యాపు ముందువైపు కంత ఉంటుందే మొహానికి, దాన్ని వెనక్కి తిప్పాను. నిండు నలుపు ఎండ వైపు ఉండాలని. చూశారా, ఎంత ఆలోచనో! ప్రతి అడుగులోనూ సైన్సు ఉంది. బుర్ర ఒక్కటే లేదు.

కారు తాళం వేసి, పైకొచ్చి, తాళాలు ఎప్పటిలాగే మేకుకి తగిలించి, గారెలు వేయడం మొదలుపెట్టాను. మీ తాతయ్యకి చెప్పలేదు. ఆయన ఎలాగూ మధ్యాహ్నం వరకూ మాట్లాడరు, ఆయనకి కారుతో పనేముంటుంది? అందరం మినీబస్సులో వెళ్తున్నాం కదా!

సరిగ్గా ఇక్కడే బాషాగారు వస్తారు కథలోకి. మన కింద ఫ్లాటు బాషాగారే, వన్‌టౌన్లో బట్టల కొట్టు. వాళ్ల అమ్మాయికి ఈమధ్యే పెళ్లయింది కదా. అమ్మాయి ఇక్కడే ఉంది, అల్లుడు ఇర్ఫాన్‌కి బెంగళూరులో ఉద్యోగం. పెళ్లయ్యాక అత్తారింటికి మొదటిసారి వస్తున్నాడు, గన్నవరంలో దిగుతున్నాడు. బాషాగారు పొద్దున్నే కొత్త చొక్కా వేసుకుని, అత్తరు పూసుకుని, తన కారు స్టార్ట్ చేశారు. అవలేదు. చలికి బ్యాటరీ దిగిపోయింది. పాపం, కొత్త అల్లుడు! ఎదురెళ్లకపోతే ఎంత అవమానం!

కిందనుంచి మన బాల్కనీకి కేక వేశారట. "సార్, కారు... గన్నవరం..." అన్నారట. మీ తాతయ్య మాట్లాడలేదు. లేచి, లోపలికెళ్లి, మేకు మీది తాళాలు తెచ్చి, కిందికి వేసి, మళ్లీ పేపరు తీశారు. వంటింట్లో నూనె చిటపటల్లో నాకేం వినపడుతుంది!

గారెలన్నీ వేసి, నీళ్లలో ముంచి, పిండేసి, పెద్ద బేసిన్లో సర్దాను. కొంగుతో చెయ్యి తుడుచుకుని, మన పెరుగు ఎంతవరకొచ్చిందో చూద్దామని కిందికి దిగాను.

కారు లేదు.

ముందు పక్క వరసలో చూశాను. తర్వాత గేటు బయట చూశాను. వయసు మీదపడితే ఇలాగే ఉంటుందా, ఎక్కడ పెట్టానో మర్చిపోయానా అనుకున్నాను ఒక్క క్షణం. కారు నేను పెట్టలేదు కదా, పెరుగే కదా పెట్టాను! పరుగులాంటి నడకతో పైకి వచ్చాను.

"ఏమండీ! మన కారేదీ?"

"బాషా గారికిచ్చాను."

"ఎక్కడికి?"

"గన్నవరం."

"గన్నవరమా! అందులో నా పెరుగుందండీ!"

పేపరు కిందికి దిగింది. మీ తాతయ్య కళ్లు అంత పెద్దవి అవడం మన పెళ్లి రోజు... అంటే మా పెళ్లి రోజు తర్వాత ఇదే చూడటం. "కారులో పెరుగెందుకు పెట్టావోయ్?" అన్నారు. మామూలుగా మధ్యాహ్నం దాకా రాని మాట పొద్దున్నే వచ్చేసింది.

"గ్రీన్‌హౌస్" అన్నాను.

ఆయన నా వైపు చూసి, ఏదో అనబోయి, ఫోను నా చేతిలో పెట్టారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఇప్పుడు బాషాగారి వైపు ఏం జరిగిందో చెప్పాలి. ఇది ఆయన తర్వాత తోటలో అందరి ముందూ యాక్షన్ చేసి మరీ చూపించారు.

ఆయన గబగబా కారెక్కి, బెంజ్ సర్కిల్ దాటాక గానీ వెనకద్దంలోకి చూడలేదట. చూస్తే, వెనక సీట్లో ఆకుపచ్చ శాలువా, నల్ల మంకీ క్యాపు. సీటు బెల్టు కూడా పెట్టుకుని, మొహం అటు తిప్పుకుని. ఈ వేషం ఈ వీధిలో ఎవరిది? నాదే. రోజూ వాకింగులో చూస్తారుగా.

"టీచరమ్మగారూ, మీరూ వస్తున్నారా! చెప్పనేలేదే!" అన్నారట.

జవాబు లేదు.

క్యాపు చెవులు మూసేసింది కదా, వినపడలేదేమో అనుకుని ఇంకాస్త గట్టిగా, "చలిగా ఉందాండీ?" అన్నారట. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మొహం అటే. అప్పుడాయనకి అర్థమైందట, నేను కోపంగా ఉన్నానని! ఎందుకంటే... వినండి మరి. మన గేటు దగ్గర నా కరివేపాకు కుండీ పగిలింది గుర్తుందా? వాళ్ల పిల్లి పడేసిందన్నారు. నేను వారం రోజులు ఆ పిల్లిని కనిపించినప్పుడల్లా తిట్టాను. అది పిల్లి పని కాదట. బాషాగారు రాత్రి కొట్టు కట్టేసి వస్తూ స్కూటరుతో గుద్దారట!

"టీచరమ్మగారూ, తప్పయిపోయిందండీ. పిల్లి మీదకి తోసేశాను. చెప్పాలనే అనుకున్నాను, మీరు సైన్సు టీచరు, మీకు అబద్ధం చెప్తే కనిపెట్టేస్తారని భయం" అని ఎనికేపాడు దగ్గర మొదలుపెట్టి గన్నవరం వరకూ క్షమాపణ చెప్తూనే ఉన్నారట. పెరుగుకి! కొత్త కుండీ, కొత్త మొక్క తెచ్చిస్తానని కూడా మాటిచ్చారట. పెరుగు మెత్తబడలేదు.

ఎయిర్‌పోర్టులో ఇర్ఫాన్ వచ్చాడు. నీలం కోటు, టై, మెరిసే బూట్లు. మంచి మర్యాద తెలిసిన పిల్లాడు. కారు తలుపు తీసి, వెనకాల పెద్దావిడ కూర్చుని ఉండటం చూసి, వంగి సలాం పెట్టాడట. "బాగున్నారా అమ్మా?" అన్నాడట. ఆవిడ తల కూడా తిప్పలేదు. పెద్దావిడ పక్కన కూర్చోవడం బాగుండదని ముందు సీట్లో కూర్చుని, మెల్లగా "మామయ్యా, ఆవిడకి నా మీద కోపమా?" అన్నాడట. "నీ మీద కాదు బాబూ, నా మీద" అన్నారట బాషాగారు, గొంతు తగ్గించి.

అదిగో, సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది. తెరమీద 'టీచరమ్మ గారు' అని నా పేరు!

ఆయన ఫోను చూశారు. అద్దంలో చూశారు. మళ్లీ ఫోను చూశారు. వెనకాల కూర్చున్న మనిషి చేతులు శాలువాలో ఉన్నాయి. ఫోను మోగుతూనే ఉంది. వణుకుతూ ఎత్తారు.

"హలో, బాషాగారూ! నేనండీ."

అటునుంచి సన్నగా, "మీరు... ఎక్కడున్నారండీ?"

"ఇంట్లోనే ఉన్నాను."

"మరి... వెనకాల కూర్చున్నదెవరండీ?"

"పెరుగు!"

ఫోనులో పెద్ద చప్పుడు. ఫోను చేతిలోంచి జారిపోయిందట. పక్కనుంచి అల్లుడి గొంతు, "మామయ్యా! మామయ్యా, నీళ్లు తాగండి!" తలుపు తీసిన శబ్దం. క్యాపు లాగిన శబ్దం నాకు వినపడలేదు గానీ, ఆ తర్వాత ఇద్దరి నవ్వూ వినపడింది. ఎయిర్‌పోర్టు పార్కింగు మొత్తానికి వినపడి ఉంటుంది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. నా గుండె ఆ డబ్బాలో ఉంది. "బాషాగారూ, నవ్వడం తర్వాత. మూత తీశారా? తియ్యకండి! క్యాపు మళ్లీ పెట్టేయండి. కంత వెనక్కి ఉండాలి. ఇది తోడుకోకపోతే నా పరువు పోతుందండీ. మీరు ఇంటికి రాకండి, టైము చాలదు. సరాసరి కొండపల్లి తోటకి వచ్చేయండి. మేం అక్కడికే వస్తున్నాం. అద్దాలు దించకండి. ఏసీ వెయ్యకండి."

"ఏసీ వద్దా అండీ? అద్దాలు కూడా..."

"వద్దు. వెచ్చగా ఉండాలి. బ్రేకు గట్టిగా కొట్టకండి. గుంతల్లో మెల్లగా. తోడుకునేటప్పుడు కదిలితే నీళ్లు విడిపోతాయి."

కరివేపాకు కుండీ అపరాధం మెడమీద ఉంది కదా, ఆయన మారు మాట్లాడలేదు. "మీరెలా చెప్తే అలాగేనండీ" అన్నారు. పక్కనుంచి ఇర్ఫాన్, "అమ్మా, నేను ఒళ్లో పెట్టుకుంటాను, కదలదు" అన్నాడు. కొత్త అల్లుడు! మొదటిసారి అత్తారింటికి వస్తున్నవాడు! వద్దు బాబూ అనాలి కదా నేను? అనలేదు. "నిటారుగా పట్టుకో నాయనా" అన్నాను.

మినీబస్సు ఎక్కాం. గారెల బేసిను నా ఒళ్లో. భవానీపురం దాటుతుండగా రాజ్యలక్ష్మి వెనక సీట్లోంచి ముందుకి వంగింది.

"టీచర్ గారూ, పెరుగేదండీ? కనిపించట్లేదు."

"వస్తోందమ్మా."

"ఎక్కడినుంచి?"

అబద్ధం చెప్పడం నా వల్ల కాదు. "గన్నవరం నుంచి" అన్నాను.

"గన్నవరంలో అంత మంచి పెరుగు దొరుకుతుందా!" అంది ఆశ్చర్యంగా. వెంటనే పక్కావిడతో, "విన్నారా, విమానంలో తెప్పిస్తున్నారు" అంది.

మీ తాతయ్య కిటికీ వైపు తిరిగిపోయారు. భుజాలు కదులుతున్నాయి. దగ్గు అనుకున్నాను ముందు. నవ్వు! ఇబ్రహీంపట్నం వచ్చేసరికి "అదిగో నా చిమ్నీ" అని ప్రతిసారీ చూపిస్తారు కదా, నిన్న అది కూడా మర్చిపోయి నవ్వుతూనే ఉన్నారు. చలికాలంలో పొద్దున పూట ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు ఒళ్లు మండింది, లోపల ఎక్కడో బాగా కూడా అనిపించింది.

తోటకి చేరాం. ఉసిరిచెట్టు కింద పూజ అయింది. జంపఖానాలు పరిచారు. ఆకులు వేశారు. పులిహోర వచ్చింది, వంకాయ కూర వచ్చింది, పప్పు వచ్చింది. నేను తాలింపు కూడా పెట్టేసి, గారెల ముందు కూర్చుని, రోడ్డు వైపే చూస్తున్నాను. రాజ్యలక్ష్మి ఫోను తీసి, "కొండపల్లిలో పాల ప్యాకెట్ల షాపు ఉంటుంది కదండీ, ఎందుకైనా మంచిది..." అని నంబరు వెతకడం మొదలుపెట్టింది. 'ఇంకొక్క ఐదు నిమిషాలు చూడమ్మా' అన్నాను. బతిమాలినట్టు. కత్తి గురించి మాట్లాడిన మనిషిని!

అప్పుడు గేటు దగ్గర మన కారు కనిపించింది. ఎంత మెల్లగా వస్తోందంటే, వెనకాల ఎడ్లబండి ఉంటే హారన్ కొట్టి ఓవర్‌టేక్ చేసేది. అద్దాలన్నీ ఆవిరి పట్టి తెల్లగా ఉన్నాయి. ఆగింది. ముందు బాషాగారు దిగారు. కొత్త చొక్కా ఒంటికి అంటుకుపోయింది. అత్తరు వాసన ఎప్పుడో పోయింది. ఆ తర్వాత ఇర్ఫాన్. కోటు లేదు, టై లేదు, చేతులు మడిచేసి ఉన్నాయి, నుదుటినుంచి చెమట కారుతోంది. రెండు చేతుల్లో నా డబ్బాని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. శాలువా, క్యాపు అన్నీ అలాగే.

"మీ ఊళ్లో చలిగా ఉంటుందని స్వెట్టర్ తెచ్చుకున్నానండీ" అన్నాడు నాతో, ఊపిరి తీసుకుంటూ.

వాళ్లావిడ, అదే మాతో బస్సులో వచ్చిన బాషాగారి అమ్మాయి, పెళ్లయ్యాక మొదటిసారి ఇంటికొచ్చిన మొగుణ్ణి ఆ అవతారంలో చూసి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

డబ్బా జంపఖానా మీద పెట్టాడు. అందరూ చుట్టూ చేరారు. నేను క్యాపు తీశాను. క్లిప్పులు తీశాను. మూత ఎత్తి, మెల్లగా వంచాను.

కదల్లేదు.

ఇంకాస్త వంచాను. తెల్లగా, నున్నగా, అలాగే నిలబడింది. గరిటె దింపితే ముక్కలా పైకొచ్చింది. మీ తాతయ్య నా వెనకనుంచి, "కత్తి తేనా?" అన్నారు.

ఇక చప్పట్లు! అయితే ఎవరికి? నాకనుకున్నారా? ఇర్ఫాన్‌కి! "అల్లుడంటే ఇలా ఉండాలి!" "ఒళ్లో పెట్టుకుని తెచ్చాడమ్మా, బంగారం!" చెట్టు కింద, అతన్ని మధ్యలో కూర్చోబెట్టి విసనకర్రలతో విసిరారు. కార్తీకమాసంలో విసనకర్రలు! నేను గొంతు సవరించుకుని, "దీనికి కారణం ఏమిటంటే, గాజులోంచి ఎండ లోపలికి..." అని మొదలుపెట్టాను. ఒక్కరూ వినలేదు. అందరూ బాషాగారి చుట్టూ చేరారు. ఆయన అప్పటికే లేచి నిలబడి, బెంజ్ సర్కిల్ దగ్గరనుంచి కథ మొదలుపెట్టేశారు. నా గొంతు ఆయనే చేశారు, ఆయన వణుకు ఆయనే చేశారు, పెరుగు మౌనం కూడా ఆయనే చేశారు.

అంతా విన్నాక రాజ్యలక్ష్మి నా వైపు తిరిగింది. "అయితే టీచర్ గారూ, పొద్దున తోడుకోలేదన్నమాట" అంది.

"లేదమ్మా" అన్నాను. ఇంక దాచడానికి ఏముంది? నా పెరుగు చేసిన ప్రయాణం అందరికీ తెలిసిపోయింది.

ఆవిడ దెప్పుతుందనుకున్నాను. నా పక్కన చతికిలబడి, చెవి దగ్గర, "మా ఇంట్లో పది రోజుల్నుంచీ తోడుకోవట్లేదండీ. రోజూ ప్యాకెట్టే. మా ఆయనకి తెలీదు, గిన్నెలో పోసి పెడుతున్నాను" అంది. నేను ఆవిడ ఆకులో ఇంకో రెండు ఆవడలు వేశాను. బాగా మునిగినవి.

ఆవడల బేసిను ఖాళీ అయింది. ఇర్ఫాన్ ఎన్ని తిన్నాడో వాళ్ల అత్తగారు లెక్క పెట్టడం మానేసింది. బాషాగారు తిరిగొచ్చేటప్పుడు నాతో, "టీచరమ్మగారూ, కుండీ రేపే తెస్తాను. మీకొక్కరికే కాదు, పిల్లికి కూడా సారీ చెప్పాలి" అన్నారు. ఈ పొద్దున తెచ్చారు కూడా. గేటు దగ్గర చూడండి, కొత్త కరివేపాకు.

ఇదీ జరిగింది. ఏంటి వంశీ, కారు తీసుకుని ఐస్‌క్రీమ్‌కి వెళ్దామా? అదే చెప్పబోతున్నాను. కుదరదు.

ఈ పొద్దున తలుపు తడితే రాజ్యలక్ష్మి. చేతిలో పాలగిన్నె, దానికి వాళ్లాయన మఫ్లరు చుట్టి ఉంది. "కొంచెం మీ కారులో పెడతారా టీచర్ గారూ?" అంది. ఆవిడ వెనకాల రెండో అంతస్తువాళ్లు, వాళ్ల డబ్బాకి పాప స్వెట్టరు. వాళ్ల వెనకాల బాషాగారి భార్య, పైఫ్లోరు మామ్మగారు, అందరూ వరసలో. మీ తాతయ్య రైతుబజారుకి వెళ్దామని తాళాలు తీసుకుని దిగి, కారు తలుపు తీసి, లోపలికి చూసి, తలుపు మెల్లగా మూసేసి, ఆటోలో వెళ్లారు. మాట్లాడలేదు. కానీ వెళ్తూ వెళ్తూ ఎవరిదో జారిన క్యాపు సర్దడం బాల్కనీలోంచి నేను చూశాను.

నా సర్వీసు మొత్తంలో ఇలాంటి క్లాసు దొరకలేదర్రా నాకు. అందరూ టైముకి వచ్చారు, బెల్టులు పెట్టుకున్నారు, నోళ్లు మూసుకుని కూర్చున్నారు, ఒక్కరూ కదల్లేదు. చెప్పిన పాఠం అందరికీ ఎక్కింది కూడా.

సరే, దుప్పటి తియ్యండి, లేవనివ్వండి. ఎండ ఆ గోడ దాటి అవతలికి పోతోంది. చల్లబడకముందే వాళ్లందర్నీ దింపి, ఎవరి ఇళ్లకి వాళ్లని పంపించాలి.